షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే అడ్డు ఎక్కడున్నట్టు? ఆఫీసు నెట్‌వర్క్‌లో అనుమతుల చిక్కుముడి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిట్ ఆఫీసులు, సూర్యారావుపేటలో ఆసుపత్రులు, గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కమిషన్ కొట్లు పాత కంప్యూటర్లను ఒక్కొక్కటిగా విండోస్ 11కి మార్చుకుంటున్నాయి. కొత్త మెషీన్‌లో ఇంటర్నెట్ వస్తుంది, ప్రింటర్ పనిచేస్తుంది. మూలనున్న మెయిన్ కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్ మాత్రం తెరుచుకోదు. పక్క టేబుల్ మీది పాత సిస్టమ్‌లో అదే ఫోల్డర్ ఇప్పటికీ డబుల్ క్లిక్‌తో తెరుచుకుంటుంది.

ఇలాంటప్పుడు మన దగ్గర ఎక్కువగా చేసే పని ఒకటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఎవ్రీవన్' అన్న పేరు చేర్చి, 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేస్తారు. అప్పటికీ తెరుచుకోకపోతే ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ నుంచి వచ్చేవాటిని వడకట్టే కాపలా సాఫ్ట్‌వేర్) ఆపేస్తారు. ఆ తర్వాత పాస్‌వర్డులు తీసేస్తారు. వీటిలో ఏదో ఒకటి ఒక్కోసారి పనిచేస్తుంది. అడ్డు ఏమిటో తెలియకుండానే పోతుంది, జీతాల షీటు నుంచి క్లయింట్ల పాన్ కార్డుల దాకా అన్నీ అందరికీ తెరిచేశామన్న సంగతీ మరుగున పడిపోతుంది.

తెర మీద 'యాక్సెస్ లేదు' అని వచ్చిన ప్రతిసారీ దాని వెనక మూడు వేర్వేరు ప్రశ్నలుంటాయి. వచ్చింది ఎవరు? ఏ దారిన వచ్చారు? ఆ ఫైలు మీద వాళ్ల పేరుకి ఏం రాసి ఉంది? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన మనిషికి మూడో ప్రశ్నకి ఎంత ఉదారంగా జవాబు రాసిపెట్టినా ప్రయోజనం ఉండదు. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాక కూడా ఫోల్డర్ మొరాయించడానికి చాలాసార్లు కారణం ఇదే.

## నాలుగు మాటలు ముందే తేల్చుకుందాం

షేర్ చేయడమంటే ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కి నెట్‌వర్క్ మీద ఒక పేరు పెట్టి, బయటి కంప్యూటర్లు అక్కడికి రావడానికి దారి తెరవడం. విండోస్‌లో ఆ రాకపోకలు నడిపే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. తర్వాత మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. నెట్‌వర్క్‌లో అది వాడే పోర్టు నంబరు 445.

యూజర్ అకౌంట్ అంటే కంప్యూటర్ ఒక మనిషిని గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరు, పాస్‌వర్డ్. లోపల మాత్రం కంప్యూటర్‌కి ఆ పేరుతో పనిలేదు. ప్రతి అకౌంట్‌కీ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అనుమతులన్నీ ఆ సంఖ్య మీదే రాసి ఉంటాయి. ఒక అకౌంట్ తీసేసి అదే పేరుతో మళ్లీ సృష్టిస్తే పాత అనుమతులు తిరిగి రాకపోవడం అందుకే.

గ్రూపు అంటే కొన్ని అకౌంట్లను కలిపి పెట్టిన పేరు.

అనుమతి అంటే ఫలానా అకౌంట్‌గానీ గ్రూపుగానీ ఫలానా ఫోల్డర్‌తో ఏం చేయవచ్చో రాసుకున్న ఒక వరుస. ఇలాంటి వరుసలన్నీ కలిసిన జాబితా ప్రతి ఫైలుకీ, ప్రతి ఫోల్డర్‌కీ ఉంటుంది. అయితే డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. పెన్‌డ్రైవుల్లో మామూలుగా కనిపించే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఈ జాబితాకి చోటే లేదు. మెయిన్ కంప్యూటర్‌కి తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కును షేర్ చేసి, 'సెక్యూరిటీ అన్న ట్యాబ్ కనిపించడం లేదేంటి?' అని వెతుక్కునేవాళ్లు ముందు చూడాల్సింది దాని ఫార్మాట్.

## 'నువ్వెవరు?' దగ్గరే ఆగిపోతే

పదిమంది లోపు ఉండే ఆఫీసుల్లో కంప్యూటర్లన్నీ సాధారణంగా వర్క్‌గ్రూప్ పద్ధతిలో ఉంటాయి. అంటే ప్రతి కంప్యూటర్ తన యూజర్ల జాబితా తనే పెట్టుకుంటుంది, పక్కదాని జాబితా దీనికి తెలియదు. మీరు మీ కంప్యూటర్‌లో ఏ పేరుతో లాగిన్ అయినా, మెయిన్ కంప్యూటర్ జాబితాలో ఆ పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఉంటే తప్ప అది మిమ్మల్ని గుర్తుపట్టదు. పెద్ద సంస్థల్లో దీనికి బదులు డొమైన్ ఉంటుంది. అక్కడ జాబితా అందరికీ ఒకటే, ఒక సర్వర్ దగ్గర ఉంటుంది.

మరి ఇన్నాళ్లూ పాస్‌వర్డ్ అడక్కుండానే ఎలా తెరుచుకుంది? చాలాచోట్ల జరిగింది గెస్ట్ ప్రవేశం. వచ్చిన మనిషి ఎవరో తెలియకపోతే, 'సరే, అతిథిగా రా' అని మెయిన్ కంప్యూటరో, పాత నాస్ పెట్టో (ఫైళ్లు దాచడానికి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) లోపలికి పంపేది. ఇటు కంప్యూటర్ కూడా దానికి ఒప్పుకునేది. 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్ కూడా ఆ అతిథి ప్రవేశానికి డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం మానేసింది. దాంతోపాటు ప్రతి ఎస్‌ఎంబీ సందేశానికీ డిజిటల్ సంతకం ఉండి తీరాలన్న నియమం పెట్టింది. సంతకానికి పాస్‌వర్డ్ నుంచి పుట్టే తాళంచెవి కావాలి. అతిథికి పాస్‌వర్డే లేదు కాబట్టి సంతకమూ లేదు. హోమ్ ఎడిషన్‌లో ఈ రెండు నియమాలూ డిఫాల్ట్‌గా లేవు. ఒకే గదిలో రెండు కొత్త ల్యాప్‌టాపులుంటే ఒకదానిలో ఫోల్డర్ తెరుచుకుని రెండోదానిలో తెరుచుకోకపోవడానికి ఇది తరచూ కనిపించే కారణం.

ఇప్పుడు ఎవ్రీవన్ సంగతి చూడండి. ఆ పేరు వింటే 'ఎవరైనా సరే' అనిపిస్తుంది. విండోస్ లెక్క వేరు: ఏదో ఒక అకౌంట్‌తో, కనీసం గెస్ట్ అకౌంట్‌తోనైనా లోపలికి వచ్చినవాళ్లంతా ఎవ్రీవన్. ఏ అకౌంటూ లేకుండా వచ్చిన అనామకులు అందులో లేరు. కాబట్టి ఎవ్రీవన్‌కి ఎంత రాసినా, 'నువ్వెవరు?' అన్న ప్రశ్నకి జవాబు లేని కంప్యూటర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఫోల్డర్ ఆ కొత్త మెషీన్‌కి మూసుకునే ఉంటుంది, ఆఫీసులో మిగిలినవాళ్లందరికీ బార్లా తెరుచుకుంటుంది.

గుర్తింపు దగ్గర తగిలే అడ్డంకులు ఇంకా ఉన్నాయి. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన లోకల్ అకౌంట్‌తో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావచ్చు, నెట్‌వర్క్ మీద నుంచి రాలేరు. విండోస్ డిఫాల్ట్ నియమం అది. కాబట్టి సులువు కోసం మెయిన్ కంప్యూటర్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ తీసేస్తే పని మరింత చెడుతుంది. పిన్ సంగతి మరొకటి. విండోస్ 11లో రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ ఒక్క పరికరానికే పరిమితం. వేరే కంప్యూటర్ 'పాస్‌వర్డ్ చెప్పు' అని అడిగినప్పుడు పిన్ కొడితే ఎప్పటికీ కుదరదు. ఎప్పుడో ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొట్టి 'గుర్తుపెట్టుకో' అని టిక్ పెట్టి ఉంటే, పాస్‌వర్డులు దాచిపెట్టే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగిన ఆ పాత జవాబునే కంప్యూటర్ ప్రతిసారీ పంపుతుంటుంది.

అడ్డు ఏ మెట్టు దగ్గరుందో వచ్చే సందేశమే చాలావరకు చెబుతుంది. 'నెట్‌వర్క్ పాత్ దొరకలేదు' అంటే అసలు ఆ కంప్యూటర్ దాకానే చేరలేదు: కేబులో, ఫైర్‌వాలో, నెట్‌వర్క్‌ని 'పబ్లిక్' అని పెట్టడమో. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె మళ్లీ మళ్లీ వస్తుంటే గుర్తింపు దగ్గర ఆగింది. అతిథి ప్రవేశాన్ని సెక్యూరిటీ పాలసీ అడ్డుకుంటోందని వస్తే అదీ ఇక్కడిదే. లోపలికి వెళ్లి ఫోల్డర్ల పేర్లు కూడా చూశాక ఒకదాని దగ్గర 'అనుమతి లేదు' అంటేనే అది నిజంగా అనుమతుల సమస్య. ఈ చివరి రకానికి చేయాల్సిన వైద్యాన్ని మొదటి రెండు రకాలకీ చేయడంతోనే గందరగోళమంతా మొదలవుతుంది.

## రెండు జాబితాలు ఎందుకు?

గుర్తింపు పూర్తయ్యాక రెండు జాబితాలు అడ్డొస్తాయి. ఒకటి షేర్ అనుమతి. ఇందులో మూడే స్థాయిలు: రీడ్, చేంజ్, ఫుల్ కంట్రోల్. రెండోది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనుమతి, అంటే సెక్యూరిటీ ట్యాబ్‌లో కనిపించేది. ఇందులో చదవడం, రాయడం, మాడిఫై (మార్చడం, చెరపడం), ఫుల్ కంట్రోల్ వంటి స్థాయిలు ఉంటాయి. వాటి లోపల ఇంకా సన్నని విభాగాలున్నాయి.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీ చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బయట గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, లోపల ఒక్కో చాంబర్‌కి విడిగా తాళం ఉంటుంది. బయటి నుంచి వచ్చిన రైతు రెండూ దాటాలి. గేటు దగ్గర 'చూసి రావచ్చు, బస్తాలు కదపకూడదు' అన్నారంటే, చాంబర్ తాళంచెవి చేతిలో ఉన్నా బస్తా కదలదు. ఆవరణలోనే ఉండే మనిషికి గేటుతో పనిలేదు, చాంబర్ తాళం ఒక్కటే అడ్డు. షేర్ అనుమతి ఆ గేటు, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ చాంబర్ తాళం. నెట్‌వర్క్ మీద నుంచి వచ్చినవాళ్లకి రెండింటిలో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. మెయిన్ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకి షేర్ అనుమతి అస్సలు వర్తించదు.

ఇక్కడ ఒక తిరకాసు. విండోస్‌లో షేర్ చేయడానికి రెండు దారులున్నాయి. అడ్వాన్స్‌డ్ షేరింగ్ నుంచి చేస్తే షేర్ జాబితాలో ఎవ్రీవన్‌కి రీడ్ మాత్రమే వస్తుంది, సెక్యూరిటీ ట్యాబ్‌ని అది ముట్టుకోదు. 'గివ్ యాక్సెస్ టు' అన్న సులువు దారిలో చేస్తే షేర్ జాబితాని బార్లా తెరిచి, అసలు హద్దులను ఎన్‌టీఎఫ్‌ఎస్ జాబితాలో రాస్తుంది. ఒక ఫోల్డర్‌ని ఒకరు ఒక దారిలో, పక్క ఫోల్డర్‌ని మరొకరు ఇంకో దారిలో షేర్ చేస్తే, తర్వాత వచ్చిన టెక్నీషియన్‌కి ఆ రెండూ ఒక కంప్యూటర్‌వేనా అనిపిస్తుంది.

## ఒక ఆడిట్ ఆఫీసు లెక్క

గుంటూరు అరండల్‌పేటలో ఒక ఆడిట్ ఆఫీసుని ఊహించుకుందాం. ఆడిటర్ గారు, ఒక సీనియర్ అకౌంటెంట్, జీతాలు చూసే క్లర్కు, సీఏ చదువుతూ శిక్షణలో ఉన్న నలుగురు ఆర్టికల్ అసిస్టెంట్లు. మెయిన్ కంప్యూటర్ డి డ్రైవ్‌లో 'ఆఫీసు' అన్న ఫోల్డర్. దాని లోపల 'క్లయింట్లు', 'జీతాలు', 'పాత సంవత్సరాలు'.

ఆర్టికల్ అసిస్టెంట్లలో ఒకతను రెండు గ్రూపుల్లో ఉన్నాడు. 'ఆర్టికల్స్' గ్రూపుకి క్లయింట్లు ఫోల్డర్ మీద రీడ్ ఉంది. 'జీఎస్టీ' గ్రూపుకి మాడిఫై ఉంది. ఒకే జాబితాలోని గ్రూపుల అనుమతులు కలిసిపోతాయి కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ లెక్కలో అతనికి మాడిఫై వచ్చింది. కానీ ఆఫీసు ఫోల్డర్‌ని అడ్వాన్స్‌డ్ షేరింగ్‌తో షేర్ చేశారు, అక్కడ ఎవ్రీవన్‌కి రీడ్ మాత్రమే ఉంది. ఫలితం: తన టేబుల్ దగ్గర నుంచి రిటర్ను షీటు తెరవగలడు, సేవ్ చేయలేడు. అదే కుర్రాడు మెయిన్ కంప్యూటర్ దగ్గర తన పేరుతోనే లాగిన్ అయితే సేవ్ అవుతుంది. చూసేవాళ్లకి 'నెట్‌వర్క్ బాగోలేదు' అనిపిస్తుంది, నిజానికి నెట్‌వర్క్ చెప్పినట్టే పనిచేస్తోంది. షేర్ జాబితాలో రీడ్ స్థాయిని 'చేంజ్' స్థాయికి పెంచితే సరిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ వైపు ఎంత పెంచినా మార్పు ఉండదు.

ఇంకో మలుపు. అతన్ని ఇప్పుడే జీఎస్టీ గ్రూపులో చేర్చామనుకోండి. వెంటనే ప్రయత్నిస్తే ఇంకా రీడే ఉంటుంది. ఎవరు ఏ గ్రూపుల్లో ఉన్నారన్న చీటీని విండోస్ లాగిన్ అయ్యేటప్పుడు ఒకసారి రాసుకుంటుంది. లాగ్ అవుట్ అయి మళ్లీ వచ్చేదాకా పాత చీటీయే చెల్లుతుంది. 'అన్నీ సరిగానే పెట్టాం, అయినా రావడం లేదు' అన్నవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయి.

## పైనుంచి దిగే అనుమతులు, డినై అనే కత్తి

కొత్త ఫోల్డర్ సృష్టిస్తే దానికి అనుమతులు ఎవరూ కూర్చుని రాయరు. పై ఫోల్డర్‌లో ఉన్నవే కిందికి దిగుతాయి. దీన్నే ఇన్‌హెరిటెన్స్ అంటారు. వేల ఫైళ్లున్న ఫోల్డర్‌కి ఒకచోట రాస్తే చాలడం దీని మేలు. జీతాల ఫోల్డర్‌ని కూడా అందరూ చూడగలగడం దీని కీడు, ఎందుకంటే అది 'ఆఫీసు' ఫోల్డర్ కిందే ఉంది.

ఇక్కడ చాలామందికి తట్టే ఉపాయం: జీతాలు ఫోల్డర్‌లో ఆర్టికల్స్ గ్రూపుకి డినై, అంటే 'వీళ్లకి వద్దు' అన్న వరుస, పెట్టడం. పనిచేస్తుంది. కొన్నాళ్లకి సీనియర్ అకౌంటెంట్‌ని, ఆర్టికల్ కుర్రాళ్ల పనులు చూస్తారు కదా అని, ఆర్టికల్స్ గ్రూపులో కూడా చేర్చారు. ఆ రోజు నుంచి ఆమెకి జీతాల ఫోల్డర్ మూసుకుపోయింది. ఆమె సొంత పేరుకి ఫుల్ కంట్రోల్ ఉన్నా, అదే స్థాయిలో ఏ గ్రూపు తరఫున డినై వచ్చినా డినైదే గెలుపు. ఎవ్రీవన్‌కి డినై పెడితే అందులో ఆడిటర్ గారు కూడా ఉంటారు.

డినై ఎప్పుడూ గెలుస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. విండోస్ జాబితాని ఒక వరుసలో చదువుతుంది: ఆ ఫోల్డర్ మీదే నేరుగా రాసిన డినై, తర్వాత నేరుగా రాసిన అలౌ (అనుమతించే వరుస), ఆ తర్వాత పైనుంచి దిగిన డినై, చివరికి పైనుంచి దిగిన అలౌ. కాబట్టి జీతాలు ఫోల్డర్ మీద డినై ఉండి, దాని లోపలి 'బోనస్' ఫోల్డర్ మీద ఎవరో ఆర్టికల్స్‌కి నేరుగా రీడ్ ఇచ్చి ఉంటే, బోనస్ దారి నేరుగా తెలిసిన కుర్రాడికి అది తెరుచుకుంటుంది.

అందుకే ఈ పనిలో అనుభవమున్నవాళ్లు డినైని అరుదుగా వాడతారు. జీతాలు ఫోల్డర్ దగ్గర ఇన్‌హెరిటెన్స్‌ని తెంచి, అక్కడ ఉండాల్సిన రెండు మూడు పేర్లు మాత్రమే ఉంచుతారు. పేరు లేకపోవడమే నిరాకరణ. డినై రాయకుండానే తలుపు మూసుకుంటుంది, తర్వాత గ్రూపులు ఎలా మారినా లెక్క తప్పదు. నా వరకు చిన్న ఆఫీసు అనుమతుల్లో అన్నిటికంటే ఎక్కువ మనశ్శాంతినిచ్చే పద్ధతి ఇదే. ఇక సెక్యూరిటీ విభాగంలోని అడ్వాన్స్‌డ్ కిటికీలో 'ఎఫెక్టివ్ యాక్సెస్' అన్న ట్యాబ్ ఉంటుంది. ఒక పేరు ఇస్తే గ్రూపులు, డినైలు, ఇన్‌హెరిటెన్స్ అన్నీ కలిపి ఆ మనిషికి చివరికి మిగిలేదేమిటో చూపిస్తుంది. ఇంత మంచి వసతిని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

## మనుషుల పేర్లా, గ్రూపులా?

చార్టర్డ్ అకౌంటెన్సీలో ఆర్టికల్‌షిప్ 2023 నాటి కొత్త పద్ధతి నుంచి మూడేళ్లకు బదులు రెండేళ్లయింది. అంటే ఆడిట్ ఆఫీసులో కుర్రాళ్లు ఇంకా తొందరగా మారతారు. ప్రతి ఫోల్డర్‌లోనూ ప్రతి మనిషి పేరూ విడిగా రాస్తే, ఒకరు వెళ్లిపోయినప్పుడల్లా పది చోట్ల తుడవాలి. తుడవకుండా అకౌంట్ మాత్రమే తీసేస్తే, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఎస్-1-5-21 అని మొదలయ్యే అంకెల తోక మిగులుతుంది. అది ఎవరిదో చెప్పే దారి ఉండదు. గ్రూపుకి అనుమతి రాసి ఉంటే, వెళ్లినవాళ్లని గ్రూపులోంచి తీసి, వచ్చినవాళ్లని చేర్చితే చాలు.

అందరూ ఒకే 'స్టాఫ్' అకౌంట్ వాడే పద్ధతి కూడా మన దగ్గర ఉంది. పాస్‌వర్డ్ ఒకటే, మర్చిపోయే బెడద లేదు. అయితే ఫైలు ఎవరు మార్చారన్న ప్రశ్నకి జవాబు ఎప్పటికీ 'స్టాఫ్' అనే వస్తుంది. వెళ్లిపోయిన మనిషికి ఆ పాస్‌వర్డ్ గుర్తుండిపోతుంది.

## ఫైలు కదిలినప్పుడు, పోయినప్పుడు

కాపీ చేసిన ఫైలు కొత్త చోటి అనుమతులు తీసుకుంటుంది. అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి కట్ చేసి పేస్ట్ చేస్తే మాత్రం, విండోస్ సాధారణ నియమం ప్రకారం, పాత అనుమతులతోనే వెళ్తుంది. క్లర్కు ఒక సర్క్యులర్‌ని జీతాలు ఫోల్డర్‌లో తయారుచేసి 'అందరికీ' ఫోల్డర్‌లోకి కదిపితే, పేరు అందరికీ కనిపించి కూడా ఎవరికీ తెరుచుకోకపోవచ్చు. తిరగేస్తే ఇంకా ప్రమాదం: అందరి ఫోల్డర్‌లో పుట్టిన ఫైలు జీతాలలోకి చేరాక కూడా తెరిచే ఉండవచ్చు. ఏ టూల్‌తో కదిపామన్నదాన్ని బట్టి ఫలితంలో తేడాలు వస్తాయి. గోప్యమైన ఫైలైతే కదిపాక దాని సెక్యూరిటీ ట్యాబ్ చూస్తేనే నిజం తెలుస్తుంది.

డిలీట్ విషయంలో రెండు సంగతులున్నాయి. నెట్‌వర్క్ మీద నుంచి డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌కి వెళ్లదు, అక్కడికక్కడే పోతుంది. మెయిన్ కంప్యూటర్‌లో ఫైళ్ల పాత ప్రతులు దాచే ప్రీవియస్ వెర్షన్స్ వసతి ముందే ఆన్ చేసి ఉంటేనో, బ్యాకప్ ఉంటేనో తిరిగొస్తుంది. రెండోది: పై ఫోల్డర్ మీద ఫుల్ కంట్రోల్ ఉన్న మనిషి, లోపలి ఫైలు మీద తన పేరుకి ఏమీ రాసి లేకపోయినా దాన్ని చెరిపేయగలడు. మాడిఫైకి ఆ శక్తి లేదు. 'ఎందుకైనా మంచిది, ఫుల్ కంట్రోల్ ఇద్దాం' అనుకునే ముందు ఈ ఒక్క తేడా తెలిసి ఉండాలి.

రీడ్ మాత్రమే ఇచ్చాం కదా, ఫైలు బయటికి పోదు అనుకోవడం కూడా పొరపాటే. చదవగలిగినది కాపీ చేసుకోవచ్చు. అనుమతులు మార్పుని ఆపగలవు, చూసినదాన్ని పట్టుకెళ్లడాన్ని ఆపలేవు.

## టాలీ ఫోల్డర్ దగ్గర వచ్చే ఇబ్బంది

మిర్చి కమిషన్ కొట్టయినా, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపయినా, నెట్‌వర్క్ అవసరం చాలావరకు టాలీ అన్న లెక్కల సాఫ్ట్‌వేర్‌తోనే మొదలవుతుంది. మెయిన్ కంప్యూటర్‌లో డేటా ఫోల్డర్ పెట్టి షేర్ చేస్తారు, మిగతా కంప్యూటర్లలోని టాలీ అదే ఫోల్డర్‌ని తెరుస్తుంది. ఈ పద్ధతిలో ప్రతి యూజర్ తరఫునా టాలీ ఆ ఫైళ్లలో రాయాలి, కాబట్టి ఆ యూజర్లందరికీ ఫోల్డర్ మీద మాడిఫై ఇవ్వక తప్పదు.

ఇక్కడ రెండు రకాల హద్దులు కలగాపులగమవుతాయి. ఎవరు వోచర్ కొట్టవచ్చు, ఎవరు లాభనష్టాలు చూడవచ్చు అన్నది టాలీ లోపలి పాస్‌వర్డులు చూసుకుంటాయి. విండోస్‌కి ఆ సంగతి తెలియదు. టాలీలో వోచర్ ఎంట్రీకి మించి ఏమీ చూడలేని గుమాస్తా, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో అదే ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేయగలడు, పొరపాటున చెరిపేయగలడు. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెట్టి దాచడం ఒక అలవాటు. దానివల్ల పేరు జాబితాలో కనిపించదు గానీ, దారి తెలిసినవాళ్లని అదేమీ ఆపదు.

పూర్తి పరిష్కారం కావాలంటే యూజర్‌కీ ఫైళ్లకీ మధ్య ఇంకొకరు నిలబడాలి. అందరూ రిమోట్ డెస్క్‌టాప్ మీద, అంటే సర్వర్ తెరనే తమ కంప్యూటర్ నుంచి వాడుతూ, సర్వర్‌లోనే టాలీ తెరిచి, ఎక్స్‌ప్లోరర్‌ని అందకుండా కట్టేసే ఏర్పాటు కావచ్చు. డేటా ఫైళ్లతో సర్వర్ ప్రోగ్రామే మాట్లాడే ఏర్పాటు కావచ్చు. రెండిటికీ ఖర్చుంది. అంత పెట్టలేని కొట్లో మెయిన్ కంప్యూటర్ నుంచి రోజూ తీసి, షేర్ చేయని చోట పెట్టే బ్యాకప్పే దిక్కు.

## నాస్ పెట్టెలు, లినక్స్

చిన్న నాస్ పెట్టెల్లో చాలావాటి లోపల ఉండేది లినక్స్. అది విండోస్ భాషలో మాట్లాడటానికి సాంబా అన్న సాఫ్ట్‌వేర్ వాడుతుంది. 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన పని అది. లినక్స్ మూల పద్ధతిలో ప్రతి ఫైలుకీ మూడు వర్గాలు: యజమాని, గ్రూపు, మిగతావాళ్లు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఆ మూడూ కూడితే 7. కాబట్టి 750 అంటే యజమానికి అన్నీ, గ్రూపుకి చదవడం, నడపడం, మిగతావాళ్లకి ఏమీ లేదు. 777 అంటే ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చినంత పని. ఇక్కడ కూడా ప్రశ్నల వరుస మారదు. సాంబా షేర్ నియమం గేటు దగ్గర, లినక్స్ అనుమతి లోపల.

ఒక తేడా మాత్రం మనవాళ్లని తికమక పెడుతుంది. లినక్స్‌లో ఫైలుని చెరిపే హక్కు ఆ ఫైలు మీద ఉండదు, అది ఉన్న ఫోల్డర్ మీద రాసే హక్కుతో వస్తుంది. రాయడానికి వీల్లేని ఫైలు కూడా చెరిగిపోవచ్చు.

## తెరిచి ఉంచడమా, బిగించడమా?

చిన్న ఆఫీసుల్లో అంతా తెరిచి పెట్టడం వెనక ఒక వాదన ఉంది, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. నలుగురే ఉన్నారు, అంతా నమ్మకస్తులు. ఆడిటర్ గారు ఊళ్లో లేనప్పుడు రిటర్ను గడువు ముంచుకొస్తే, అనుమతి లేదన్న సందేశం వల్ల పని ఆగితే జరిమానా కట్టేది ఆఫీసే. అనుమతులు పెట్టిన టెక్నీషియన్ నెలకోసారి వస్తాడు. ఎవరికీ అర్థంకాని బిగింపు కంటే అందరికీ తెలిసిన తెరుపు మేలని వాళ్లంటారు.

ఎదుటి వాదన మనుషుల నిజాయితీ గురించి కాదు. నమ్మకస్తుడైన గుమాస్తా కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే దొంగ సాఫ్ట్‌వేర్) చొరబడితే, అది అతని అకౌంట్ హక్కులతోనే పనిచేస్తుంది. అతను రాయగలిగిన ప్రతి షేర్డ్ ఫైలునీ అది తాళం వేసేయగలదు, రాయలేనిదాన్ని అతని పేరు మీద ముట్టుకోలేదు. అనుమతి హద్దు ఎక్కడుంటే నష్టం హద్దు అక్కడ. 2017 మే నెలలో వనాక్రై అన్న రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, అది వాడుకున్నది ఎస్‌ఎంబీ పాత వెర్షన్‌లోని లోపాన్ని. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే సవరణ ఇచ్చినా వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. పాత జిరాక్స్ మెషీన్ స్కాన్లు ఫోల్డర్‌లో పడటం లేదని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ని తిరిగి ఆన్ చేయమనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ సలహాకి మూల్యం ఇదీ. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, వ్యక్తుల సమాచారానికి తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకి వీలు కల్పించింది. క్లయింట్ల ఆధార్ కాపీలు, రోగుల రిపోర్టులు ఉన్న ఫోల్డర్ ఆ మాట పరిధిలోదే.

నిపుణుల మధ్య కూడా ఒక పాత తగవుంది. షేర్ జాబితాని ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్‌గా వదిలేసి, అసలు హద్దులన్నీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే పెట్టాలని ఒక వర్గం. జాబితా ఒక్కటే అయితే లెక్క తేలిక, మెయిన్ కంప్యూటర్ ముందు కూర్చున్నా, నెట్‌వర్క్ మీద వచ్చినా ఫలితం ఒకటే అన్నది వాళ్ల మాట. అది సబబే. చేంజ్ దాకానే ఇవ్వాలని రెండో వర్గం. ఫైలు సృష్టించిన మనిషి దానికి యజమాని అవుతాడు, యజమాని దాని అనుమతులు మార్చగలడు. షేర్ చేంజ్ దగ్గర ఆగితే నెట్‌వర్క్ మీద నుంచి ఆ మార్పు చేయడానికి వీలుండదు. స్టాఫ్‌లో ఎవరూ మెయిన్ కంప్యూటర్ ముందు కూర్చోని ఆఫీసులో, తమకు తెలియకుండా అనుమతులు చెదిరిపోకూడదనుకుంటే, రెండో పద్ధతి వైపే మొగ్గు కనిపిస్తుంది.

## క్లౌడ్‌కి మారితే

ఈ తలనొప్పంతా వద్దని గూగుల్ డ్రైవ్‌కో, వన్‌డ్రైవ్‌కో వెళ్లే ఆఫీసులున్నాయి. మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌ని సర్వర్‌లా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లకి మించి తీసుకోదు. సిబ్బంది పెరిగిన ఆఫీసు ఈ పరిమితి తగిలాక ఎలాగూ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. క్లౌడ్‌లో పాత వెర్షన్లు దొరుకుతాయి, డిలీట్ అయినవి కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటాయి, బ్రాంచి ఆఫీసు నుంచి కూడా తెరుచుకుంటాయి.

మూడు ప్రశ్నలు మాత్రం అక్కడికీ వెంట వస్తాయి. ఎవరన్నది ఈమెయిల్ అకౌంట్ చెబుతుంది. 'లింకు ఉన్న ఎవరైనా' అని పెట్టి వాట్సాప్‌లో పంపితే ఆ ప్రశ్న అడగడమే మానేసినట్టు. ఆఫీసు ఎవ్రీవన్‌కి గోడలైనా ఉన్నాయి, ఈ లింకుకి అవీ లేవు. పైనుంచి కిందికి దిగే వారసత్వం అక్కడా ఉంది. క్లయింట్ల ఫోల్డర్‌ని ఒకరితో పంచుకుంటే దాని లోపల రేపు పుట్టే ఫైళ్లు కూడా ఆయనకి కనిపిస్తాయి. ఉద్యోగి తన సొంత జీమెయిల్ కింద ఆఫీసు ఫోల్డర్ సృష్టించి అందరితో పంచుకుంటే, కాగితం మీద ఆఫీసుదైన ఆ ఫోల్డర్‌కి యజమాని ఆ జీమెయిలే. ఆ మనిషి ఉద్యోగం మానేసిన రోజున దాన్ని చెరిపే హక్కు, మిగతావాళ్లని తీసేసే హక్కు ఆయన చేతిలోనే ఉంటాయి. ఫోల్డర్‌ని సంస్థ అకౌంట్ కింద మొదలుపెట్టడానికీ, తర్వాత మార్చుకోవడానికీ మధ్య తేడా ఆ రోజున తెలుస్తుంది.